ఏడేళ్ళ వాడకం తర్వాత: కర్ర, ఫోను, బొట్టు బిళ్ళలు

2018లో ఒంగోలు నుంచి వచ్చి చిక్కడపల్లిలో ఒక చిన్న పోర్షన్‌లో ఒక్కదాన్నే దిగినప్పుడు నా దగ్గర రెండు సంచుల సామాను ఉంది. ఒకదాంట్లో బట్టలు, గిన్నెలు. రెండోదాంట్లో చూపు లేనివాళ్ళ కోసమని ఎవరెవరో ఇచ్చినవీ, నేను ఆశపడి కొన్నవీ: మాట్లాడే గడియారం, మాట్లాడే కాటా, గ్లాసు నిండితే కూసే పరికరం, ఏదైనా అడ్డొస్తే వణికే కర్ర. రేచీకటితో మొదలై ఇరవై మూడేళ్ళకి నాకు చూపు మొత్తం పోయింది. ఇన్ని వస్తువులు ఉంటేనే ఒంటరిగా బతకగలనని నమ్మేదాన్ని. ఇప్పుడు ఆ రెండో సంచిలో సగం బీరువా అడుగున పడుంది. ఏది మిగిలింది, ఏది అటకెక్కింది, ఎందుకు అనేదే ఇక్కడ రాస్తున్నాను.

నేను చూసే లెక్క ఒక్కటే, చెవి. రోడ్డు తెలిసేది చెవితోనే. పాలు పొంగుతున్నాయని తెలిసేది చెవితోనే. ఎదుటి మనిషి విసుక్కుంటున్నాడా లేదా అన్నది కూడా చెవితోనే. కాబట్టి ఏ వస్తువైనా నా చెవిని ఎంతసేపు అట్టిపెట్టుకుంటుందో ముందు చూస్తాను. చూపు లేనివాళ్ళ కోసం ఏదైనా తయారు చేయాలనుకునేవాళ్ళకి మాత్రం మొదట వచ్చే ఆలోచన దాన్ని మాట్లాడించడం. మా చెవులు ఖాళీగా ఉన్నాయని ఎవరు చెప్పారో మరి.

ముందు కర్ర. మామూలు మడత కర్ర, అల్యూమినియం, నాలుగు ముక్కలు, లోపల ఒక ఎలాస్టిక్ తాడు. ఏడేళ్ళలో నాలుగో కర్ర ఇది. నిలబడి పట్టుకుంటే ఛాతీ మధ్య ఎముక దాకా రావాలి. పొట్టి కర్ర ఇచ్చి సరిపోతుందనే వాళ్ళ మాట వినకండి. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన అమెరికన్ సైనికులకి శిక్షణ ఇస్తూ రిచర్డ్ హూవర్ కర్ర పొడుగు పెంచాడు. పొడుగు కర్ర గుంతని ఒక అడుగు ముందే చెప్తుంది, పొట్టి కర్ర గుంతలో పడ్డాక చెప్తుంది. కుడికాలు వేస్తుంటే కర్ర మొన ఎడమవైపు తగలాలి, ఎడమకాలు వేస్తుంటే కుడివైపు. నెల రోజులు నేర్చుకుంటే తర్వాత కాళ్ళే చూసుకుంటాయి.

కర్రకి నేను నూటికి తొంభై మార్కులు వేస్తాను. ఎందుకంటే అది మాట్లాడదు. చప్పుడు చేస్తుంది, కానీ ఆ చప్పుడు నేల చేసే చప్పుడే. మా గల్లీ సిమెంటు రోడ్డు మీద టక్ టక్‌మంటుంది, మ్యాన్‌హోల్ మూత మీద ఖణేల్‌మంటుంది, కొళాయి కోసం తవ్వి పూడ్చిన చోట మెత్తగా దిగబడి అసలు చప్పుడే రాదు. ఆ మూత తగిలిందంటే ఇడ్లీ బండి ఇంకా పది అడుగులు. బండి వాసన వచ్చాక ఎడమకి తిరగాలి. బండి పెట్టని రోజు మూత నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటాను. కర్ర మొనల్లో సన్నటివి కొనకండి, మన ఫుట్‌పాత్ టైల్స్ సందుల్లో ఇరుక్కుని పిడి వచ్చి పొట్టలో గుచ్చుకుంటుంది. దొర్లే గుండ్రటి మొన తీసుకోండి. కొంచెం బరువు, మణికట్టు రెండు వారాలు నొప్పెడుతుంది, అంతే. లోపలి ఎలాస్టిక్ నాకు ఏడాదిన్నరకి సాగిపోతుంది. మెట్రోలో మడత విప్పగానే ముక్కలు వేలాడితే ఎంత సిగ్గో.

మిగతా పది మార్కులు ఎందుకు తగ్గించానంటే, నడుము పైన ఉన్నది కర్రకి తెలియదు. సగం దించిన షట్టర్లు, కిందికి వాలిన కొమ్మలు, గోడకి బిగించిన ఏసీ డబ్బాలు. 2021లో ఒకరోజు సాయంత్రం మా గల్లీ మలుపులో ట్రాలీ ఆటో ఒకటి ఆగి ఉంది. వెనక నుంచి ఇనుప చువ్వలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. కర్ర వాటి కిందుగా హాయిగా వెళ్ళిపోయింది, నేనే వెళ్ళలేకపోయాను. నుదుటి మీద మూడు కుట్లు. కుట్లు వేయించడానికి తీసుకెళ్ళిన ఆటో అన్న దారంతా ఒకటే మాట: "చువ్వల చివర ఎర్రగుడ్డ కట్టే ఉందమ్మా, చూసుకోవాలి కదా."

ఆ దెబ్బతో వణికే కర్ర మళ్ళీ బయటికి తీశాను. పిడిలో ఉన్న యంత్రం మనిషి చెవికి వినపడని శబ్దాన్ని పంపి, అది దేన్నైనా తగిలి తిరిగి రాగానే చేతిలో వణుకుతుంది. దగ్గరైన కొద్దీ వణుకు వేగం పెరుగుతుంది. చెవి జోలికి రాదు కాబట్టి సిద్ధాంతం నాకు బాగా నచ్చింది. ఖాళీ వీధిలో నిజంగా బాగా పనిచేస్తుంది, కొమ్మని మీటరు ముందే పట్టేస్తుంది. కానీ ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర ఖాళీ ఎక్కడుంది? నడిచినంతసేపూ వణుకుతూనే ఉంటుంది, పది నిమిషాలకి చెయ్యి తిమ్మిరెక్కి ఏ వణుకు దేనికో తెలియదు. ఇప్పుడు దాన్ని పొద్దున్నే వాకింగ్‌కి మాత్రం తీస్తాను. కొత్తగా కర్ర పట్టేవాళ్ళకి మొదటి కర్రగా దీన్ని ఇవ్వకండి.

మెట్రో గురించి రెండు ముక్కలు. 2020 ఫిబ్రవరిలో చిక్కడపల్లి మీదుగా రైలు మొదలయ్యాక నా టెన్షన్ సగం తగ్గింది. స్టేషన్ నేల మీద పొడుగు గీతలున్న పలకలు వరసగా పరిచి ఉంటాయి, అంటే నడవమని. బొడిపెలున్న పలక వస్తే ఆగమని. ఈ పలకలని 1960ల్లో జపాన్‌లో సెయిచి మియాకే అనే ఆయన కనిపెట్టాడు. చెప్పులోంచి కూడా తెలుస్తాయి, చెవితో పనే లేదు. బయట ఫుట్‌పాత్ మీద కూడా ఇవి కొన్నిచోట్ల వేశారు. ఒకచోట వాటిని నమ్మి నడిస్తే తిన్నగా ట్రాన్స్‌ఫార్మర్ కంచెలోకి వెళ్ళాను.

ఫోన్ సంగతి వేరు. అది మాట్లాడకపోతే నాకు పనికిరాదు. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాముల్లో ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ వాడతాను, కంప్యూటర్లో ఎన్‌వీడీఏ. రెండూ ఉచితమే. ఎన్‌వీడీఏని 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన ఇద్దరూ చూపు లేనివాళ్ళే, వాడుతుంటే అది తెలుస్తుంది. తెలుగు చదవడం ఈ ఏడేళ్ళలో చాలా బాగుపడింది. ఒత్తులు మింగకుండా చదువుతుంది. కానీ పాత అను ఫాంట్లలో టైపు చేసి పంపిన ఫైలు వస్తే అక్షరం ముక్క అర్థం కాదు, అదేదో మంత్రాలు చదివినట్టు ఉంటుంది. పెళ్ళి శుభలేఖలు, అపార్ట్‌మెంట్ నోటీసులు అన్నీ ఫొటోలుగా వాట్సాప్‌లో పెడతారు. వాటిని వేరే యాప్‌తో చదివించుకోవాలి. ఓటీపీ వస్తే కొన్ని గొంతులు "నాలుగు లక్షల ఎనభై రెండు వేల..." అని మొదలుపెడతాయి. అక్షరం అక్షరంగా చదివే సెట్టింగ్ పెట్టుకుంటే ఆ గొడవ తప్పుతుంది. నేను ఎప్పటినుంచో వాడుతున్న సరుకుల యాప్ ఒకటి పోయినేడాది కొత్త వెర్షన్ తెచ్చింది. డబ్బు కట్టే దగ్గర "బటన్" అంటుంది, కిందికి జరిపితే మళ్ళీ "బటన్", ఇంకోసారి "బటన్". వాళ్ళకి మెయిల్ పెట్టాను. "మీ అభిప్రాయం మాకు అమూల్యం" అని జవాబొచ్చింది. ఇప్పుడు కిరాణా కొట్టుకే వెళ్తున్నాను.

కొట్లో నాకు అనుకోకుండా దొరికిన మంచి నేస్తం సౌండ్ బాక్స్. అది పెట్టింది షాపాయన కోసం. కానీ "నలభై రెండు రూపాయలు" అని పైకి అనగానే నేను కొట్టిన అంకె సరైనదేనని నాకు తెలిసిపోతుంది. ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది, అదీ పద్ధతి.

నోట్ల దగ్గర మాత్రం కొత్త సైజులు నాకు తలనొప్పి. వంద నోటు పొడవు 142 మిల్లీమీటర్లు, రెండొందలది 146, ఐదొందలది 150. వెడల్పు మూడింటికీ ఒకటే. నాలుగు మిల్లీమీటర్ల తేడా చెమట చేత్తో, వెనక క్యూలో నిలబడ్డవాళ్ళు గొణుగుతుంటే ఎట్లా తెలుస్తుంది? అంచుల్లో ఏటవాలు గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి: వందకి నాలుగు, రెండొందలకి నాలుగు గీతలతో పాటు రెండు సున్నాలు, ఐదొందలకి ఐదు. కొత్త నోటు మీద గోరు ఆనిస్తే చక్కగా తెలుస్తాయి. కూరగాయల మార్కెట్లో తిరిగొచ్చిన నోటు మీద ఏమీ ఉండవు, గుడ్డ పీలికలా ఉంటుంది. రిజర్వ్ బ్యాంక్ 2020 జనవరి 1న తెచ్చిన మణి యాప్ నోటుని కెమెరాతో చూసి ఎంతో చెప్తుంది, నెట్ అక్కర్లేదు. అసలుదో నకిలీదో మాత్రం చెప్పదు. నేను ఇంట్లో కూర్చుని ఒకసారి దానితో అన్నీ చూసుకుని మడతలు పెట్టుకుంటాను. వంద సాపుగా, రెండొందలు అడ్డంగా ఒక మడత, ఐదొందలు రెండు మడతలు. బజార్లో యాప్ తీసే పని ఉండదు.

కెమెరాతో పనిచేసే దేనికైనా వెలుతురు కావాలి. ఇది రాయడానికి నవ్వొస్తుంది కానీ, లైటు వేయాలన్న సంగతే నాకు గుర్తుండదు. మొదటి ఏడాది పైన ఉండే ఓనర్ ఆంటీ వచ్చి "సాయంత్రం లైటు వెయ్యమ్మా, ఇల్లు చీకటిగా ఉంటే మనిషి లేనట్టుంటుంది" అంది. అప్పటినుంచి ఆరింటికి వేస్తాను, ఆంటీ కోసం కొంత, యాప్‌ల కోసం కొంత.

కెమెరా యాప్‌లని మందుల విషయంలో నమ్మకండి. ఒక యాప్ నా మాత్రల అట్ట మీద 500ని 50 అని చదివింది. మందుల షాపు తమ్ముడు నాకు మంచి ఉపాయం చెప్పాడు: పొద్దుటి మాత్రల అట్టకి ఒక రబ్బరు బ్యాండు, రాత్రివాటికి రెండు. మనిషి సాయమే కావాలంటే బీ మై ఐస్ ఉంది. డెన్మార్క్‌కి చెందిన హాన్స్ యోర్గన్ వీబర్గ్ మొదలుపెట్టాడు, 2015లో విడుదలైంది. ఎక్కడో ఉన్న వాలంటీర్ వీడియో కాల్లో చూసి చెప్తాడు. చీర మీద మరక ఉందా అని అడగడానికి మా వాళ్ళ కంటే అపరిచితులే నాకు సుఖం. మా వాళ్ళయితే మరకతో పాటు, ఆ చీర ఎందుకు కట్టావని కూడా అంటారు.

వంటింట్లో డబ్బు పెట్టి కొన్నవన్నీ దండగే. గ్లాసు అంచుకి తగిలించే కూత పరికరం మూడు నెలలు వాడాను. గ్లాసు నిండుతుంటే పోసే చప్పుడు సన్నబడుతుంది, దానికంటే ముందే నా చెవి పట్టేస్తుంది. అన్నానికి నీళ్ళు వేలి గణుపుతో చూడటం మా నాయనమ్మ నేర్పింది, ఆవిడకి కళ్ళు బాగానే ఉండేవి. పోపులో ఆవాలు చిటపటలాడాక మినప్పప్పు వాసన మారిన క్షణంలో కరివేపాకు వేసేస్తాను. మాట్లాడే కాటా ఆ క్షణంలోనే "రెండు వందల గ్రాములు" అని అరుస్తుంది. దాని బ్యాటరీ తీసేశాను. ఉప్పు స్టీలు డబ్బాలో, పంచదార గాజు సీసాలో. అమ్మ ఒంగోలు నుంచి వచ్చి వంటిల్లు "చక్కగా సర్ది" వెళ్తే నాకు వారం రోజులు వెతుకులాటే. ఎంత చెప్పినా వినదు.

నున్నటి టచ్ ప్యానెల్ ఉన్న ఏ వస్తువూ కొనకండి, తిప్పే నాబ్ ఉన్నదే తీసుకోండి. మా ఇండక్షన్ పొయ్యి, వాషింగ్ మెషిన్ రెండూ టచ్‌వే, కొన్నాక ఏడ్చాను. వాటిమీద ఇప్పుడు బొట్టు బిళ్ళలు అంటించుకున్నాను: ఆన్ దగ్గర ఒకటి, మంట పెంచడానికి రెండు, తగ్గించడానికి మూడు. రాళ్ళు పొదిగినవైతే వేలికి ఇంకా బాగా తగులుతాయి. అట్ట పది రూపాయలు. వేడికి రెండు మూడు నెలల్లో ఊడిపోతాయి, మళ్ళీ అంటిస్తాను.

బ్యాంకు పని ఒక్కటే ఇంకా నా చేతిలోకి పూర్తిగా రాలేదు. చూపు లేనివాళ్ళకి చెక్కు బుక్కు, ఏటీఎం, లాకర్ అన్నీ తేడా లేకుండా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2008 జూన్‌లోనే చెప్పింది. అయినా ఒక బ్రాంచిలో "ఎవరినైనా తోడు తెచ్చుకోండి మేడమ్" అన్నారు, నేను ఆ సర్క్యులర్ ప్రింటు తీసుకెళ్ళి టేబుల్ మీద పెట్టేదాకా. ఫోన్లో కేవైసీ అయితే "కళ్ళు ఆర్పండి" అంటుంది. కెమెరా ఎక్కడుందో, నా ముఖం ఎక్కడుందో! కళ్ళార్పడం ఒక్కటే కాకుండా వేరే దారులూ పెట్టాలని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు వచ్చాక రెండు యాప్‌లలో ప్రయత్నించాను. రెండూ కళ్ళే ఆర్పమన్నాయి.

ఇప్పుడు మళ్ళీ మొదటినుంచి కొనాల్సి వస్తే రెండు మడత కర్రలు (ఒకటి విరిగితే ఇంకొకటి), ఒక మంచి ఫోను, చెవి మూయకుండా ఎముక మీద ఆనే హెడ్‌ఫోన్, రబ్బరు బ్యాండ్ల పొట్లం తీసుకుంటాను. మాట్లాడే గడియారం ఎవరికైనా కావాలంటే ఇచ్చేస్తాను, అర్ధరాత్రి దానంతటదే టైము చెప్తుంది.

నిన్న ఫ్యాన్సీ షాపులో పెద్ద సైజు బొట్టు బిళ్ళలు నాలుగు అట్టలు ఇమ్మన్నాను. షాపావిడ "ఇంట్లో ఫంక్షనా అక్కా?" అంది. "వాషింగ్ మెషిన్‌కి" అన్నాను.