పాత స్టీరియోకి లాస్‌లెస్ స్ట్రీమింగ్: కోనసీమ ఇంట్లో చాలాకాలం వాడాక

ఇంట్లో పనిచేసే యాంప్లిఫయరు, రెండు మంచి స్పీకర్లు ఉంటే స్ట్రీమింగ్ మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చేమీ లేదు. పక్కన పెట్టేసిన ఆండ్రాయిడ్ ఫోను, చిన్న యూఎస్‌బీ డాక్ (DAC, అంటే ఫోనులోని డిజిటల్ పాటను యాంప్లిఫయరుకి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పరికరం), దాన్ని యాంప్లిఫయరుకి కలిపే ఆర్‌సీఏ వైరు, లాస్‌లెస్ (అంటే కుదింపులో ఏమీ పోగొట్టని పాట) ఇచ్చే చందా చాలు. అమలాపురం దగ్గర మా పల్లెలో ఏళ్లుగా నడుస్తున్నది ఇదే. చందా ఆపిల్ మ్యూజిక్‌ది. 2021 నుంచి అదనపు డబ్బు లేకుండానే లాస్‌లెస్ ఇస్తున్నారు, కాకపోతే యాప్‌లో ఆడియో క్వాలిటీకి వెళ్లి మనమే ఆన్ చేసుకోవాలి.

వైరు ఎందుకంటే, బ్లూటూత్ పాటను మళ్లీ కుదిస్తుంది. సీడీ నాణ్యతకు సెకనుకు 1411 కిలోబిట్లు కావాలి. బ్లూటూత్ మామూలుగా వాడే ఎస్‌బీసీ అనే కుదింపు పద్ధతిలో వెళ్లేది 328 దాకా, అంతకంటే మెరుగైన ఎల్‌డాక్ (LDAC) పద్ధతి బాగా అందినా 990. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారిది మా శంకరగుప్తమే కాబట్టి మా ఇంట్లో ఆయన కచేరీ మోగని రోజు తక్కువ. వైరు పెట్టిన సాయంత్రం నాన్నగారు, "వెనకాల తంబురా ఇప్పుడు తెగకుండా వినిపిస్తోందిరా" అన్నారు. గాత్రం ఆగిన చోట శ్రుతి నిలబడి ఉండటం, మృదంగం ఎడమవైపు గుముకు సాగి సాగి తగ్గడం నాకూ స్పష్టంగా తెలిశాయి. ఈ ఒక్కదానికే ఈ ఏర్పాటంతా చేసుకోవచ్చంటాను.

సీడీని మించిన నాణ్యత అని చెప్పే హైరెస్ జోలికి మాత్రం వెళ్లక్కర్లేదు. 44.1 కిలోహెర్ట్జ్ రికార్డింగులో 22 కిలోహెర్ట్జ్ దాకా శబ్దం పడుతుంది, మన చెవి 20 దాటి వినదు. ఆపిల్ లెక్కలోనే మూడు నిమిషాల పాట లాస్‌లెస్‌లో 36 ఎంబీ, హైరెస్‌లో 145 ఎంబీ. ఎంత శ్రద్ధగా విన్నా నాకు ఆ రెండింటికీ తేడా దొరకలేదు. అసలు తేడా మాస్టరింగులో, అంటే విడుదలకు ముందు రికార్డింగుని చివరిగా సరిదిద్దడంలో ఉంది. ఘంటసాల గారి పాట ఒకటే రెండు ఆల్బమ్‌లలో ఉంటే ఒకదాంట్లో గొంతు నిండుగా, ఇంకోదాంట్లో పాత రికార్డింగులోని గుర్రుమనే శబ్దాన్ని అణచబోయి గొంతునే పలచన చేసినట్టు ఉంటుంది. రెండూ లాస్‌లెస్ అనే చూపిస్తాయి. ఓపిగ్గా వెతికి మంచిదాన్ని లైబ్రరీలో వేసుకోవాలి.

గది సంగతి డాక్ కంటే ముఖ్యం. మాది మండువా ఇల్లు, కింద నున్నటి గచ్చు. స్పీకర్లను మూలల నుంచి ముందుకి జరిపి, ఎదురుగా కొబ్బరి పీచు చాప పరిచాక మాటలు విడివిడిగా తేలాయి. ఆ చాపలు మా దగ్గరే తయారవుతాయి, చవక.

ఇబ్బందులూ ఉన్నాయి. ఫోనుకి ఛార్జరు పెట్టి వింటే స్పీకర్లలో సన్నగా హమ్ వచ్చేది, పవర్ బ్యాంకుతో పోయింది. డాక్ పెట్టాక ఫోనులో ఇంకో కన్నం ఉండదు కాబట్టి ఛార్జింగ్ కూడా ఇచ్చే అడాప్టరు తీసుకోండి. ఫోనుని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైఫై ఒక్కటే ఆన్ చేస్తే మధ్యలో సెల్ సిగ్నల్ చప్పుళ్లు రావు. ఫోను వాల్యూమ్ నిండా ఉంచి, యాంప్లిఫయరు దగ్గర తగ్గించుకోవాలి. గాలివానకి ఫైబరు వైరు తెగడం మా వైపు మామూలే, అందుకే ఇష్టమైనవన్నీ ముసురు పట్టకముందే డౌన్‌లోడ్ చేసి ఉంచుతాం. సముద్రపు గాలికి ఆర్‌సీఏ పిన్నులు చిలుం పడతాయి. ఒక వైపు స్పీకరు పలకడం మానేస్తే కొత్తది కొనే ముందు పిన్ను తీసి, కాంటాక్ట్ క్లీనరు కొట్టి తుడిచి చూడండి.

ఫోనుతో ఈ తంటా వద్దనుకుంటే నెట్ నుంచి పాటను నేరుగా యాంప్లిఫయరుకి అందించే స్ట్రీమరు విడిగా కొనుక్కోవచ్చు. కానీ వాటి గురించి గొప్పగా చెప్పేవాళ్లు ఎక్కువగా టైడల్, కోబజ్ అనే లాస్‌లెస్ పాటల సర్వీసులు పెట్టి వింటారు, అవి మన దేశంలో అధికారికంగా లేవు. ఆపిల్ మ్యూజిక్‌ని చాలా స్ట్రీమర్లు నేరుగా పలికించవు. డబ్బు కట్టేముందు మీ చందా దాంట్లో పనిచేస్తుందో లేదో అడిగి తెలుసుకోండి.