బాసెల్ స్టేషన్‌లో ఆగిపోయిన సిమ్

మొన్న మే నెలలో రెండు కుటుంబాలం కలిసి యూరప్ వెళ్లొచ్చాం. నేను, మా ఆవిడ, మావాడు, అమ్మ ఒక జట్టు. మా బావమరిది, చెల్లెమ్మ, వాళ్ల ఇద్దరు పిల్లలు ఇంకో జట్టు. ప్యారిస్‌లో మూడు రాత్రులు, స్విట్జర్లాండ్‌లోని ఇంటర్లాకెన్‌లో నాలుగు, చివర వెనిస్ పక్కన మెస్త్రేలో మూడు. వీసా గురించి, టికెట్ల గురించి ఆరు నెలలు మాట్లాడుకున్నాం. ఫోన్ల సంగతి మాత్రం బయల్దేరే వారం ముందు, అదీ భోజనాల దగ్గర, పది నిమిషాల్లో తేల్చేశాం. తేల్చాం అనడం కూడా తప్పే. ఎవరికి తోచింది వాళ్లు చేశారు.

మా ఆవిడ తన పోస్ట్‌పెయిడ్ నంబరుకే రోమింగ్ ప్యాక్ వేయించుకుంది. నేను ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోకే ఎక్కించుకునే సిమ్) కొన్నాను, యూరప్ మొత్తానికి 10 జీబీ, నెల రోజుల గడువు. బావమరిది "అక్కడికెళ్లి లోకల్ సిమ్ కొంటే చవక బావా, మీరంతా ఊరికే కంగారు పడుతున్నారు" అన్నాడు. అమ్మ ఫోన్‌కి ఏమీ వద్దనుకున్నాం. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైఫై ఒక్కటే ఆన్ చేసి ఇస్తే సాయంత్రం తెనాలిలో ఉన్న పిన్నితో మాట్లాడుకుంటుంది, అంతే ఆమెకు కావలసింది. అలా అనుకోకుండానే ఒకే ప్రయాణంలో నాలుగు పద్ధతులకూ పరీక్ష జరిగిపోయింది.

విమానంలో కూర్చున్నాక గుర్తుంచుకోవలసింది ఒకటుంది. కొన్ని విమానాల్లో పైకి వెళ్లాక విమానానికే సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో లేకపోతే దాన్ని పట్టుకుంటుంది. మామూలు రోమింగ్ ప్యాక్‌లు చాలావరకు దానికి పనిచేయవు. సముద్రం మీద క్రూయిజ్ ఓడల్లోనూ ఇదే కథ. మావాడి ఫోన్ నేనే తీసుకుని చూశాను, వాడి మాట మీద నమ్మకం లేక.

దుబాయ్‌లో మారేటప్పుడు విమానాశ్రయం వైఫై బాగానే కలిసింది. పిన్నికి అమ్మ వాట్సాప్ మెసేజ్ వెళ్లింది కానీ కాల్ వెళ్లలేదు. ఆ దేశంలో ఇంటర్నెట్ కాల్స్ మీద ఆంక్షలున్నాయి. అమ్మ మాత్రం తన ఫోన్ పాడైందనే అనుకుంది, ప్యారిస్ చేరేదాకా.

ప్యారిస్‌లో మేం దిగింది అపార్ట్‌మెంట్. ఎనిమిదిమందికి రెండు హోటల్ గదుల కంటే చవక, వంటిల్లుంది, మెట్రో నాలుగు నిమిషాల నడక. లిఫ్ట్ మాత్రం ఒక మనిషి, ఒక సూట్‌కేసు పట్టేంత. అక్కడి పాత భవనాలకు వీధి తలుపు దగ్గర అంకెల మీట ఉంటుంది, కోడ్ కొడితేనే తెరుచుకుంటుంది. ఇంటివాళ్లు ఆ కోడ్‌ను బుకింగ్ యాప్‌లో మెసేజ్‌గా పంపారు. మేం తలుపు ముందు నిలబడ్డాం, పైన సన్నగా వాన, పక్కన ఏడు పెట్టెలు. నా ఫోన్‌లో ఈ-సిమ్‌కి సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, ఇంటర్నెట్ మాత్రం లేదు. ఆఫ్ చేశాను, ఆన్ చేశాను, ఫోన్ మొత్తం ఆపి మళ్లీ పెట్టాను. చివరికి మా ఆవిడ తన ఫోన్‌లో మెసేజ్ తెరిచి కోడ్ చదివింది, లోపలికెళ్లాం.

తప్పేమిటో మెట్ల మీద కూర్చున్నాక తెలిసింది. ఇంటి సిమ్‌కి బిల్లు పడకూడదని డేటా రోమింగ్ ఆఫ్ చేశాను, అది సరే. ఈ-సిమ్‌కి కూడా ఆఫ్ చేసేశాను. ప్రయాణికుల ఈ-సిమ్ ఆ దేశపు సిమ్ కాదు, అది కూడా ఇంకో దేశపు కంపెనీ నుంచి రోమింగ్ మీదే నడుస్తుంది. కాబట్టి దానికి డేటా రోమింగ్ ఆన్‌లో ఉండాలి, ఇంటి సిమ్‌కి ఆఫ్‌లో ఉండాలి. రెండు సిమ్‌ల ఫోన్‌లో ఈ మీట దేనికది వేరుగా ఉంటుంది. ఒక సిమ్‌లో సిగ్నల్ పోతే డేటాను రెండోదానికి మార్చేసే మీట ఇంకొకటి ఉంటుంది, దాన్ని మరిచిపోకుండా ఆఫ్ చేయాలి. ఇదంతా శంషాబాద్‌లో కాఫీ తాగుతూ చేసి ఉండాల్సిన పని.

మర్నాడు బావమరిది ఊళ్లో ఒక టెలికాం కంపెనీ దుకాణానికి వెళ్లి పాస్‌పోర్ట్ చూపించి సిమ్ తెచ్చుకున్నాడు. విమానాశ్రయంలో అమ్మేవాటి కంటే ఇదే చవక, అందులో వాడి మాటే నిజం. నేను 10 జీబీకి ఇచ్చిన డబ్బుకి వాడికి ఎన్నో రెట్ల డేటా వచ్చింది. పైగా ఫ్రాన్స్ నంబరు, కాల్స్ కూడా ఉన్నాయి. సిమ్ కవర్ మీద యూరప్ జెండా నక్షత్రాలు చూపిస్తూ "అన్ని దేశాల్లో పనిచేస్తుందట" అన్నాడు. ప్యారిస్‌లో ఉన్న మూడు రోజులూ పనిచేసింది. పిల్లలు మెట్రోలో కూర్చుని వీడియోలు చూస్తుంటే నేను నా జీబీలు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. ఒకే ఒక్క పొరపాటు చేశాడు. వాడి ఫోన్‌లో రెండు సిమ్‌లూ మన దేశానివే, ఒకటి ఆఫీసుది, ఒకటి సొంతం. సొంత సిమ్ తీసి పర్సులో పెట్టి ఆ చోటులో కొత్తది వేశాడు.

ప్యారిస్ గార్ ద లియాన్ స్టేషన్ నుంచి స్విట్జర్లాండ్ సరిహద్దు ఊరు బాసెల్‌కి వేగం రైల్లో మూడు గంటలు చిల్లర. రైలు బాగుంది, కానీ సామాను పెట్టే అరలు మన పెట్టెలకు చాలవు. తలుపు దగ్గరి అరలు నిండకముందే ఎక్కాలి. ములూజ్ దాటాక సరిహద్దు దగ్గర నా ఫోన్ ఒక నిమిషం ఆగి స్విస్ నెట్‌వర్క్ పట్టుకుంది. బావమరిది ఫోన్‌కి స్వాగతం చెబుతూ మెసేజ్ వచ్చింది. ఫ్రెంచ్‌లో ఉన్నదాన్ని నా ఫోన్ కెమెరాతో చదివిస్తే తేలింది: స్విట్జర్లాండ్ వాడి ప్యాక్‌లో లేదు, వాడితే ఎంబీల లెక్కన డబ్బు పడుతుంది. గబగబా డేటా ఆపేశాడు.

2017 జూన్ 15 నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య రోమింగ్ అదనపు ఛార్జీలు తీసేశారు. ఒక దేశంలో కొన్న సిమ్‌ను ఇంకో దేశంలో తమ ప్యాక్ లోంచే వాడుకోవచ్చు, కొన్ని పరిమితులతో. 2022లో ఆ నియమాన్ని ఇంకో పదేళ్లు పొడిగించారు. నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్ యూనియన్‌లో లేకపోయినా ఇందులో ఉన్నాయి. స్విట్జర్లాండ్ లేదు. వీసా అన్నిటికీ ఒక్కటే, షెంగెన్‌ది (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చేది) కాబట్టి మనకు అంతా ఒకటే దేశంలా అనిపిస్తుంది. సిమ్ చూసే పటం వేరు. కొన్ని కంపెనీలు తమంతట తామే స్విట్జర్లాండ్‌ను కలుపుతాయి, కొన్ని కలపవు. కవర్ మీద "యూరప్" అని ఉంటే అర్థం ఏమీ లేదు, లోపల దేశాల పేర్లు చదవాలి. మనవాళ్ల యూరప్ టూర్‌లో స్విట్జర్లాండ్ లేకుండా ఉండదు కాబట్టి ఇది అందరికీ తగిలే సంగతే.

బాసెల్‌లో రైలు మారాలి. బావమరిది చిన్నవాణ్ని తీసుకుని నీళ్ల కోసం వెళ్లాడు. ఆ స్టేషన్‌లో ఫ్రెంచ్ రైళ్లకు విడిగా ఒక భాగం ఉంది, అక్కణ్నుంచి స్విస్ వైపు రావాలి. మేం పైన వంతెన మీద నిలబడ్డాం, వాడు కింద ఎక్కడో ఉన్నాడు. ఇంటర్లాకెన్ రైలుకి పన్నెండు నిమిషాలుంది. వాట్సాప్ చేస్తే ఒకటే టిక్కు. వాడి ఫ్రాన్స్ నంబరుకి ఫోన్ చేద్దామంటే నా ఈ-సిమ్‌లో డేటా తప్ప కాల్స్ లేవు. ఇలాంటి ఈ-సిమ్‌లు చాలావాటికి అసలు ఫోన్ నంబరే ఉండదు. అప్పుడు మా ఆవిడ, మూడు రోజులుగా మేం "డబ్బులు తగలేశావు" అని ఆటపట్టించిన మనిషి, రోమింగ్‌లో ఉన్న తన నంబరు నుంచి తమ్ముడికి ఫోన్ చేసి "ఎక్కడున్నావురా, ఎనిమిదో ప్లాట్‌ఫారం" అంది. రెండు నిమిషాల్లో పరిగెత్తుకుంటూ వచ్చాడు, నీళ్లు లేకుండా.

ఇంటర్లాకెన్‌లో గెస్ట్ హౌస్ మా ప్రయాణం మొత్తంలో మంచి బస. వంటగది, వాషింగ్ మెషీన్, గది కిటికీలోంచి కొండ. వైఫై గట్టిది. బస చేసినవాళ్లకు ఇచ్చే గెస్ట్ కార్డుతో ఊళ్లో బస్సులు ఉచితం. లౌటర్‌బ్రున్నెన్‌లో దిగితే ఇంకా అందంగా ఉండేదని తర్వాత అనిపించింది, ఊళ్లోంచే జలపాతం కనిపిస్తుంది. కానీ అక్కడ దుకాణాలు తక్కువ, ఎనిమిదిమందికి కూరగాయలు, పెరుగు రోజూ కావాలి. పెద్ద సూపర్‌మార్కెట్ స్టేషన్ ఎదురుగానే ఉన్న ఇంటర్లాకెన్ మాకు సరిపోయింది.

అక్కడే ఓటీపీ గొడవ జరిగింది. యుంగ్‌ఫ్రావ్ మంచుకొండ మీదికి వెళ్లే రైలు టికెట్లు రాత్రే తీసేద్దామని బావమరిది తన కార్డు వాడాడు. ఓటీపీ వెళ్లేది పర్సులో పడుకున్న నంబరుకి. సిమ్ ట్రే తెరిచే పుల్ల ఎవరి దగ్గరా లేదు. అమ్మ తన గాజుకి ఎప్పుడూ తగిలించుకునే పిన్నీసు తీసి ఇచ్చింది. ట్రే బయటికొచ్చింది, గోరంత సిమ్ బల్ల కింద పడింది, ఐదుగురం టార్చ్‌లు వేసి వెతికాం. దొరికింది, వేశాం, సిగ్నల్ లేదు. ఆ నంబరుకి అంతర్జాతీయ రోమింగ్ సేవే ఆన్ చేసి లేదు. వైఫై మీద కంపెనీ యాప్‌లోకి వెళ్లి ఆన్ చేస్తే అరగంటకి నెట్‌వర్క్ పట్టింది, ఓటీపీ వచ్చింది. విదేశాల్లో ఉన్నప్పుడు వచ్చే మెసేజ్‌లకు మామూలుగా డబ్బు పడదు. కానీ సిమ్ ఫోన్‌లో ఉండాలి, రోమింగ్ సేవ ఆన్ అయి ఉండాలి, డేటా మాత్రం ఆపి ఉండాలి. సిమ్ తీసేస్తే కొన్ని బ్యాంకు యాప్‌లు కూడా తెరుచుకోవు. కార్డుకి విదేశీ వాడకం అనుమతి వేరే సంగతి. 2020 నుంచి రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం కొత్త కార్డుల్లో అది ఆఫ్‌లోనే వస్తుంది, మనమే ఆన్ చేసుకోవాలి.

నా ఇంటి సిమ్ కూడా అందుకే ఆన్‌లో ఉంచాను, ప్యాక్ లేకుండా. దాని ఫలితం మూడో రోజు పొద్దున్న ఆరున్నరకి. మన దగ్గర పది గంటలు. నిద్రలో ఫోన్ ఎత్తాను. "సార్, మీకు ప్రీ అప్రూవ్డ్ పర్సనల్ లోన్..." ప్యాక్ లేని నంబరుకి వచ్చే కాల్ ఎత్తితే నిమిషానికి లెక్క. వద్దమ్మా అని పెట్టేసేలోపు మీటరు తిరిగింది.

ఆ రైలు చేరే యుంగ్‌ఫ్రావ్‌యోక్ 3,454 మీటర్ల ఎత్తు. పైన మంచులో నిలబడి అమ్మ నా హాట్‌స్పాట్ మీద పిన్నికి వీడియో కాల్ చేసింది. బొమ్మ తెనాలిలో కంటే స్పష్టంగా ఉందని పిన్ని అంది. చలికి ఫోన్ బ్యాటరీ 60 శాతం నుంచి చూస్తుండగానే 20కి దిగింది. హాట్‌స్పాట్ మీద నడవాలనుకుంటే పవర్ బ్యాంక్ తప్పదు, దాన్ని చెకిన్ పెట్టెలో కాదు, చేతి సంచిలోనే తీసుకెళ్లాలి. ఇంకొకటి, "అన్‌లిమిటెడ్" అని అమ్మే ఈ-సిమ్‌లలో చాలావాటికి రోజుకింత దాటితే వేగం తగ్గుతుంది, కొన్నిట్లో హాట్‌స్పాట్‌కి పరిమితి ఉంటుంది. నలుగురికి ఒక ఫోన్ మీద నడపాలనుకునేవాళ్లు జీబీలు లెక్కగా చెప్పే ప్యాకే తీసుకోవడం మేలు.

స్పీజ్ మీదుగా మిలాన్ వైపు రైలెక్కాం. లోచ్‌బర్గ్ సొరంగం 34 కిలోమీటర్ల పైన. తర్వాత సింప్లాన్ సొరంగం. దాన్ని దాటి ఇటలీలోకి రాగానే బావమరిది సిమ్‌కి మళ్లీ ప్రాణం వచ్చింది. డొమొడొస్సోలా స్టేషన్‌లో వాడి మొహం చూడాలి. అక్కణ్నుంచి మెస్త్రే దాకా పిల్లలు తలెత్తలేదు.

మెస్త్రే హోటల్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. శుభ్రం, స్టేషన్ పక్కన, వైఫై లాబీలో తప్ప అందదు. వెనిస్‌లో బస కంటే బాగా చవక, రైల్లో పది నిమిషాలు. 2024 నుంచి కొన్ని రోజుల్లో వెనిస్‌కి పగటిపూట వచ్చేవాళ్ల దగ్గర ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు. మెస్త్రే కూడా ఆ నగరపాలక సంస్థ కిందే కాబట్టి అక్కడ బస చేసినవాళ్లకు రుసుము లేదు, కానీ మినహాయింపు క్యూఆర్ కోడ్ ముందే తీసుకోవాలి. వెనిస్ సందుల్లో మ్యాప్ తికమక పడింది, కాలువలో నడవమంది. గోడల మీద రియాల్టోకి, సాన్ మార్కోకి పసుపు బాణాలుంటాయి. అవే నయం.

తిరిగొచ్చేసరికి నా 10 జీబీలో ఇంకా మూడు మిగిలాయి. గూగుల్ ఫొటోస్ బ్యాకప్, వాట్సాప్ బ్యాకప్ వైఫై మీదే జరిగేలా పెట్టడం వల్ల, ఊళ్ల మ్యాప్‌లు ముందే దింపుకోవడం వల్ల. మా ఆవిడ ప్యాక్‌కి నా దానికంటే రెండింతలు పైనే అయింది, దాని మీద 18 శాతం జీఎస్టీ. డేటా నాకంటే తక్కువ వచ్చింది. అయినా మళ్లీ వెళ్తే ఒక ఫోన్‌కి ఆ ప్యాక్ వేయిస్తాను, ఇంకో ఫోన్‌కి ఈ-సిమ్, మిగతావాళ్లకు హాట్‌స్పాట్. ఒకటే దేశంలో రెండు వారాలుండేవాళ్లకైతే బావమరిది పద్ధతే మేలు, సిమ్ పెట్టుకోవడానికి ఖాళీ చోటుంటే.

వచ్చే ఏడాది బ్రిటన్ అనుకుంటున్నాం, అక్కణ్నుంచి ప్యారిస్‌కి మళ్లీ ఓ రెండు రోజులు. బావమరిది అప్పుడే ఒక సిమ్ లింకు పంపాడు, "ఇది చాలా చవక బావా, యూరప్ మొత్తం." యూనియన్‌లోంచి బయటికొచ్చాక బ్రిటన్‌కి కూడా ఆ పాత నియమం వర్తించదు కాబట్టి దేశాల జాబితా పంపరా అన్నాను. వారమైంది, ఇంకా పంపలేదు.