నాలుగువందల యెన్‌కి కడుపు నిండే ఊరు

జపాన్ ప్రయాణం అనగానే చాలామందికి తిండి ఖర్చు గుర్తొచ్చి గుండె జారుతుంది. సంప్రదాయ భోజనం అంటే క్యోటోలో వేల యెన్ పోసి తినే కైసెకి, అంటే ఒక్కో వంటకం వరసగా వడ్డించే విందు మాత్రమే అనుకుంటారు. అలాంటివాళ్లు ఒకాయామాలో మెరైన్ లైనర్ రైలెక్కి టకమత్సు వెళ్లి, అక్కడి ఉడోన్ నూడుల్స్ తినాలని నా కోరిక. ప్రయాణం గంటలోపే. దారిలో సెతో ఒహాషి వంతెన వస్తుంది. 1988లో ప్రారంభమైన ఈ వంతెన మీద పైన కార్లు, కింద రైళ్లు నడుస్తాయి. దాన్ని దాటితే షికోకు ద్వీపం.

టకమత్సు ఉన్న కగావా జపాన్‌లోకెల్లా విస్తీర్ణంలో చిన్న ప్రిఫెక్చర్, అంటే మన రాష్ట్రం లాంటిది. దాని పాత పేరు సానుకి. గోధుమపిండితో చేసే లావాటి నూడుల్స్, అంటే సానుకి ఉడోన్, పుట్టిల్లు ఇదే. వర్షాలు తక్కువ కాబట్టి చెరువులు తవ్వుకున్న నేల ఇది. వరి కోసిన పొలంలో గోధుమ వేసేవారు. ఉప్పు సముద్రపు ఒడ్డున తయారయ్యేది, సోయాసాస్ ఎదురుగా ఉన్న షోదోషిమా దీవి నుంచి వచ్చేది, పులుసుకి కావాల్సిన ఎండు చేపలు ఇబుకి దీవి దగ్గర దొరికేవి. కావాల్సినవన్నీ చుట్టుపక్కలే ఉండేవి కాబట్టి ఇది సామాన్యుల తిండిగానే పెరిగింది. ఇప్పుడు పిండిలో ఎక్కువ భాగం ఆస్ట్రేలియా గోధుమదే అయినా, 'సానుకి నో యుమే' అనే స్థానిక రకాన్ని పట్టుబట్టి వాడే దుకాణాలూ ఉన్నాయి.

తినాల్సింది మాత్రం 'సెల్ఫ్' దుకాణాల్లో. లోపలికి వెళ్లగానే ట్రే తీసుకుని వరసలో నిలబడాలి. చిన్నది కావాలంటే 'షో', పెద్దది కావాలంటే 'దై' అంటే చాలు. కొన్నిచోట్ల ఉడికించి కడిగిన నూడుల్స్‌ని గిన్నెలో పెట్టి మన చేతికే ఇస్తారు. పక్కనే మరుగుతున్న నీళ్లలో, పొడుగు పిడి ఉన్న జల్లెడతో వాటిని మనమే కాసేపు ముంచి తీసుకోవాలి. తర్వాత టెంపురా (పిండిలో ముంచి నూనెలో వేయించినవి) అరలు వస్తాయి: చిలగడదుంప, గుమ్మడి, తామరదుంప, రొయ్య, సగం ఉడికిన గుడ్డు. నచ్చినవి పళ్లెంలో పెట్టుకుని డబ్బు కట్టేస్తే, ఆపైన పులుసు కుళాయి తిప్పుకోవడం, ఉల్లికాడలు, తురిమిన అల్లం, టెంపురా పలుకులు చల్లుకోవడం మన ఇష్టం. వాటికి వేరే డబ్బు అడగరు. మంచినీళ్లు మనమే పట్టుకోవాలి, తిన్న గిన్నె మనమే తీసుకెళ్లి అప్పగించాలి. పొద్దున్నే మన టిఫిన్ సెంటర్ దగ్గర నాలుగు ఇడ్లీలు తిని ఆఫీసుకి పరిగెత్తేవాళ్లలాగే ఇక్కడివాళ్లు పది నిమిషాల్లో తినేసి లేస్తారు.

ఒక చిన్న గిన్నె 300 నుంచి 400 యెన్, ఒక టెంపురా ముక్క 150 యెన్ దాకా. రెండూ కలిపి మన డబ్బుల్లో 350 రూపాయలు దాటదు. ధర తక్కువని పనిలో లోటు చేయరు. పిండి, ఉప్పు, నీళ్లు తప్ప నూడుల్స్‌లో మరేమీ ఉండదు. ముద్దని కాళ్లతో తొక్కి, నానబెట్టి, ఒత్తి, కత్తితో కోస్తారు. కొరికితే మెత్తగా మొదలై లోపల గట్టిగా ఎదురు తిరిగే ఆ సాగుడునే వాళ్లు 'కోషి' అంటారు. అది తెలియాలంటే చల్లని నూడుల్స్ మీద వేడి పులుసు పోయించుకోండి. 'హియా-అత్సు' అని అడిగితే ఇస్తారు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

ఇంగ్లీషు మెనూ, బొమ్మల బోర్డు చూసి పర్యాటకుల వీధిలో ఒకచోట కూడా తిన్నాను. ధర రెట్టింపు, నూడుల్స్ ముందే ఉడికించి పెట్టినవి, పట్టు పోయి నానిపోయాయి. సెల్ఫ్ దుకాణంలో భాష రాకపోయినా వేలు చూపిస్తే పని జరుగుతుంది, కాబట్టి అక్కడికి వెళ్లడానికి జంకక్కర్లేదు. తీరిగ్గా కూర్చుని తినాలనుకుంటే యాషిమా కొండ కింద వరాయా అనే ఉడోన్ దుకాణం ఉంది. పాతకాలపు గడ్డికప్పు ఇల్లు, పక్కనే నీటిచక్రం. ఉడికించిన నీళ్లతో సహా పెద్ద చెక్క తొట్టెలో ఉడోన్ తెచ్చి పెడతారు, ఇంటిల్లిపాదీ అందులోంచే తీసుకుని పులుసులో ముంచుకు తినొచ్చు. పిల్లలున్నవాళ్లకి ఇదే మేలు.

శాకాహారులకి ఒక మాట గట్టిగా చెప్పాలి. పులుసు అంతా చేపలదే, పైకి ఏమీ కనిపించదు. మాంసం వద్దంటే సరిపోదు. 'కిజోయు ఉడోన్' అడగండి: ఉట్టి నూడుల్స్ మీద మామూలు సోయాసాస్, ముల్లంగి తురుము, ఉల్లికాడలు. కొన్నిచోట్ల సీసాలో ఉండే సాస్‌లోనూ చేపల సారం కలుపుతారు కాబట్టి పోసుకునే ముందు అడిగి తెలుసుకోండి. కూరగాయల టెంపురాని రొయ్యలు వేయించిన నూనెలోనే వేయిస్తారు, పైపిండిలో గుడ్డు కూడా ఉండొచ్చు. నియమం గట్టిగా ఉన్నవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

బస విషయానికొస్తే, గంట దూరంలో ఉన్న కొతోహిరాలో వేడినీటి బుగ్గల సత్రాలు బాగుంటాయి, కానీ రెండు పూటల భోజనంతో కలిపి ఖర్చు తడిసి మోపెడవుతుంది. నా ఓటు టకమత్సు స్టేషన్ దగ్గరి బిజినెస్ హోటల్‌కే, అదీ ఉపాహారం లేని గదికి. పొద్దున ఆరింటికే తెరిచే ఉడోన్ దుకాణాలు ఊళ్లో ఉన్నాయి. కొతోదెన్ రైల్లో పగలు కొతోహిరా వెళ్లి, 785 మెట్లెక్కి కొంపిరా గుడి చూసి, కింద నకానో ఉడోన్ స్కూల్లో పాటలు పెట్టుకుని పిండి తొక్కడం నేర్చుకుని సాయంత్రానికి తిరిగి రావచ్చు.

మంచి దుకాణాలు చాలావరకు మధ్యాహ్నం రెండు, మూడింటికల్లా మూసేస్తాయి. నూడుల్స్ అయిపోతే ఇంకా ముందే. అందుకే గుళ్లూ తోటలూ తర్వాత పెట్టుకుని, పదకొండు లోపే వరసలో నిలబడండి. చిల్లర నాణేలు దగ్గరుంచుకోండి, చిన్న దుకాణాల్లో కార్డు తీసుకోకపోవచ్చు.