మేరీ కోమ్, నిఖత్ జరీన్: ఇద్దరూ మంచి ఊపు మీదున్న రోజుల్లో తలపడితే గెలుపెవరిది?

పాలమూరులో బాక్సింగ్ మాట వస్తే ముందుగా వినిపించే పేరు నిఖత్ జరీన్‌దే. నిజామాబాద్‌లో పుట్టి, 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలోనూ, 2023లో న్యూఢిల్లీలో 50 కిలోల విభాగంలోనూ ప్రపంచ చాంపియన్ అయిన ఆమెను తెలంగాణలో ఏ జిల్లావాళ్లైనా తమ ఇంటి బిడ్డగానే చెప్పుకుంటారు. ఆరుసార్లు ప్రపంచ టైటిల్ గెలిచిన మేరీ కోమ్‌తో ఆమెను పోల్చేటప్పుడు ఆ అభిమానం తూకానికి అడ్డు రాకూడదు. అందుకే షరతులు ముందే చెబుతున్నాను. మేరీ 2010 నాటి మేరీ, నిఖత్ 2022, 2023 నాటి నిఖత్. బరువు 51 కిలోలు. మూడేసి నిమిషాల మూడు రౌండ్లు, రౌండు గెలిచినవారికి 10 పాయింట్లు ఇచ్చే ఇప్పటి పద్ధతి.

వీరిద్దరూ 2019 డిసెంబరులో ఢిల్లీలో ఒలింపిక్ క్వాలిఫయర్ ఎంపిక కోసం నిజంగానే తలపడ్డారు, మేరీ 9–1తో గెలిచింది, ఇక ఊహలెందుకని మా మహబూబ్‌నగర్‌లో చాలామంది అంటారు. ఆ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. తన ఉత్తమ దశ ఎప్పుడో దాటిపోయిన మేరీ, 23 ఏళ్ల నిఖత్‌ను అంత తేడాతో ఓడించిందంటే, అది మేరీ చేతిలో ఉన్న అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. అయితే ఆ రోజు నిఖత్‌కు రెండు ప్రపంచ టైటిళ్ల అనుభవం లేదు. 2017లో భుజం గాయం ఆమెను చాలాకాలం రింగుకు దూరం చేసింది. సరైన ట్రయల్స్ పెట్టమని క్రీడల మంత్రికి లేఖ రాసి మరీ సాధించుకున్న పోటీ కావడంతో ఆమె మీద ఒత్తిడి కూడా తక్కువేమీ కాదు. కనుక ఆ ఫలితం ఆనాటి ఇద్దరి గురించే చెబుతుంది.

ఇద్దరికీ ఉమ్మడి ప్రత్యర్థి అయిన టర్కీ బాక్సర్ బుసెనాజ్ చకిరోలు 2019 ప్రపంచ పోటీల సెమీస్‌లో మేరీని 4–1తో, అంటే అయిదుగురు జడ్జీల్లో నలుగురి తీర్పుతో, ఓడించింది. 2021లో నిఖత్‌నూ ఓడించింది కానీ, 2022 ఫిబ్రవరిలో బల్గేరియాలో నిఖత్ ఆమెపై 4–1తో గెలిచింది. నిఖత్ ఒక్క ఏడాదిలో ఎంత ఎదిగిందో దీన్నిబట్టి తెలుస్తుంది. మేరీ గురించి మాత్రం ఇది పెద్దగా చెప్పదు, ఎందుకంటే చకిరోలు ఎదుర్కొన్నది వయసు మీద పడిన మేరీని.

అసలు చిక్కంతా బరువు దగ్గరే ఉంది. మేరీ ఆరు ప్రపంచ టైటిళ్లలో మొదటిది 45 కిలోల్లో, తర్వాతి మూడు 46 కిలోల్లో, చివరి రెండు 48 కిలోల్లో వచ్చాయి. ఆ బరువుల్లో ఆమెను ఆపగలిగినవారు దాదాపు లేరు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళలకు 51, 60, 75 కిలోల విభాగాలు మాత్రమే ఉండడంతో ఆమె తన శరీరానికి సహజం కాని 51కి ఎదగాల్సి వచ్చింది. అక్కడ కాంస్యం గెలిచినా, సెమీస్‌లో తనకన్నా పొడవైన నికోలా ఆడమ్స్ చేతిలో 11–6తో ఓడింది. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో అదే 51 కిలోల్లో స్వర్ణం గెలిచిందన్న మాట నిజమే, కానీ ఆ విభాగంలో మొదటి శ్రేణి పొడగరులు ఎదురైనప్పుడు ఆమెకు చేయి అందని ఇబ్బంది ఉండేది. నిఖత్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. పారిస్ ఒలింపిక్స్‌లో 50 కిలోలకు దిగడానికే ఆమె తిండీ నీళ్లూ మానుకోవాల్సి వచ్చింది. 48 కిలోల్లో ఈ పోటీ జరపమంటే నిఖత్ రింగు ఎక్కక ముందే సగం ఓడిపోతుంది. 51 అంటే బరువు తూచే రోజు ఉదయం ఆమె హాయిగా త్రాసు మీద నిలబడుతుంది.

ఇక ఆట తీరు చూద్దాం. మేరీది ఎడమచేతి వాటం. కుడి చేతిని ముందుంచి, ప్రత్యర్థి అడుగు ముందుకు పడే క్షణం కోసం కాచుకుని, ఎడమ చేతిని తిన్నగా గడ్డం మీదికి వదిలి, ఎదుటివారు బదులిచ్చేలోపు పక్కకు జరిగిపోతుంది. మగ్గంలో నాడె ఆడినట్టు లోపలికీ బయటికీ ఆ కాళ్ల కదలిక సాగుతుంటే చూడడమే ఒక ఆనందం. ప్రత్యర్థి దగ్గరికి వస్తే క్లించ్‌లో, అంటే చేతులతో పట్టేసి కొట్టనివ్వకుండా, కట్టిపడేయడమూ ఆమెకు బాగా తెలుసు. నిఖత్ బలం వేరు. దూరం నుంచి కొలిచి కొడుతుంది, ఒక పంచ్‌తో ఆగకుండా మూడు నాలుగు వరుసగా వేస్తుంది. 2022 ఫైనల్లో థాయ్‌లాండ్ బాక్సర్ జిత్పాంగ్ జుతామాస్ రెండో రౌండులో పైచేయి సాధించినా, నిఖత్ కంగారుపడకుండా మూడో రౌండును తన వైపు తిప్పుకుని 5–0తో గెలిచింది. ఈ పోటీని తేల్చేది ఆ నిబ్బరమేనని నా నమ్మకం.

నా అంచనా ప్రకారం మొదటి రౌండు మేరీదే. ఆ ఎడమ చేయి ఎక్కణ్నుంచి వస్తుందో అర్థం చేసుకోవడానికి నిఖత్‌కు మూడు నిమిషాలూ పడుతుంది. రెండో రౌండులో నిఖత్ వెంటపడడం మాని రింగు మధ్యను ఆక్రమించి, మేరీ లోపలికి వచ్చినప్పుడే శరీరం మీద కొట్టడం మొదలుపెడితే, మూడో రౌండుకు ఆ కాళ్ల వేగం తగ్గుతుంది. ముగ్గురు జడ్జీలు 29–28తో నిఖత్‌కు, ఇద్దరు అదే తేడాతో మేరీకి ఇస్తారు. అయిదుగురు జడ్జీల్లో కనీసం ముగ్గురు ఒక్క సెకను లోపు మీట నొక్కితేనే దెబ్బ లెక్కకు వచ్చే 2010 నాటి యంత్రంతో, రెండేసి నిమిషాల నాలుగు రౌండ్లు ఆడిస్తే మాత్రం నా తీర్పు మేరీకే. విడిగా, శుభ్రంగా తగిలే ఆ ఎడమ చేతి దెబ్బను ఆ యంత్రం వదిలిపెట్టదు, నిఖత్ వరుస పంచ్‌లలో సగం దానికి కనిపించనే కనిపించవు.