రాత్రి పదింటికి ఫోన్ ఎత్తి సరైన ప్రశ్నలు అడిగారు

వరలక్ష్మీ వ్రతం ముందు రోజు రాత్రి, పరమాన్నంలోకని తెచ్చిపెట్టుకున్న కిస్మిస్ ప్యాకెట్‌ని మా బన్నీ లాగేసింది. నేను వంటింట్లోకి వెళ్లేసరికి చిరిగిన కవరు, నేల మీద ఏడెనిమిది కిస్మిస్‌లు, అంతే. పావుకేజీలో సగం పైనే లోపలికి పోయింది. అది 26 కేజీల లాబ్రడార్, ఇంకా ఉన్నాయా అన్నట్టు తోక ఊపుతోంది.

ముందు మేం ఎప్పుడూ చూపించే డాక్టర్‌కి చేస్తే "కిస్మిస్సే కదా, ఏం కాదు, పొద్దున చూద్దాం" అన్నారు. పక్క ఫ్లాట్ ఆంటీ ఉప్పునీళ్లు తాగించమన్నారు. నాకు మనసొప్పక ఈ పెట్ క్లినిక్‌కి ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి మూడే అడిగింది: ఎంత తింది, ఎన్నింటికి తింది, బరువెంత. కిస్మిస్ కుక్కల కిడ్నీలకి ప్రమాదం, ఉప్పునీళ్లు అస్సలు వద్దు, రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్స్ రావచ్చు, ఇంట్లో మీరేం చేయకండి, ఆ కవరు పట్టుకుని వెంటనే బయల్దేరండి అంది. ఈ రివ్యూ రాస్తున్నదే ఆ రెండు నిమిషాల ఫోన్ కోసం.

తిన్న గంటలోపే చేరాం. వాంతి చేయించడం మొదటి రెండు గంటల్లోనైతేనే బాగా పనికొస్తుందట. ఇంజెక్షన్ చేసిన పది నిమిషాలకి ట్రే నిండా పడ్డాయి, నీళ్లలో నానబెట్టినట్టు ఉబ్బిన కిస్మిస్‌లు. డాక్టరమ్మ గ్లవ్స్ వేసుకుని వాటిని ఒక పక్కకి జరుపుతూ లెక్కపెట్టారు, నూటికి పైనే. అయినా కొన్ని లోపల ఉండిపోతాయని బొగ్గు మందు పట్టించి, సెలైన్ ఎక్కించి, కిడ్నీల కోసం క్రియాటినిన్ టెస్ట్ చేశారు. అదే టెస్ట్ వరసగా మూడు రోజులు చేయాలన్నారు, ఎందుకంటే కుక్క పైకి హుషారుగా ఉన్నా కిడ్నీ దెబ్బ ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడొచ్చు, పైగా ఒక కుక్క బోలెడు తిన్నా తట్టుకుంటుంది, ఇంకోదానికి గుప్పెడే ప్రమాదం, ముందే చెప్పడానికి లేదు.

ద్రాక్షలో, కిస్మిస్‌లో ఉండే టార్టారిక్ యాసిడే ఈ కిడ్నీ దెబ్బకి కారణం కావచ్చని 2021లో అమెరికా వెటర్నరీ డాక్టర్లు గుర్తించారట. మన చింతపండులోనూ అదే ఉంటుందని డాక్టరమ్మ చెప్పగానే నాకు గుండె ఝల్లుమంది. పులిహోర, చారన్నం మిగిలితే బన్నీ గిన్నెలో వేసేది మా అత్తయ్యే. ఆవిడ కూడా అక్కడే కూర్చుని విన్నారు, ఆ రోజు నుంచి దానికి వేరే అన్నం వండుతున్నారు.

లోపాలు కూడా చెప్పాలి. పిల్లులకి, కుక్కలకి ఒకే వెయిటింగ్ హాలు, ఒక పిల్లి పాపం బుట్టలో వణికిపోయింది. బిల్లు ఎంతవుతుందో ముందు చెప్పలేదు. మూడు రోజులకి తొమ్మిది వేలు దాటింది, నెలాఖరులో అది మాకు కష్టమే అయింది. ఆ టెన్షన్‌లో మనకి అడగాలని తోచదు కాబట్టి వాళ్లే చెప్పాలి.

మూడో రోజు రిపోర్ట్ కూడా నార్మల్. రాత్రి పూట వెళ్తే మెయిన్ గేటు మూసి ఉంటుంది, మెడికల్ షాపు పక్క సందులో బెల్ కొట్టండి.