వెనక హౌసింగ్‌లో ‘టక్’: థార్ ఆటో లాకర్‌తో ఇన్నేళ్ళు

కొన్న మొదటి వానాకాలమంతా నా బండిలో లాకర్, అంటే బురదలో వెనక చక్రాలు రెండింటినీ కలిపి బిగించే ఏర్పాటు, పాడైందనే అనుకున్నాను. అమ్మినాయన సంగతి దాచిపెట్టి అంటగట్టాడని ఇంట్లో చాలాసార్లు తిట్టుకున్నాను కూడా. తీరా చూస్తే లాకర్ నిక్షేపంగా ఉంది. దాన్ని ఎలా పనిలోకి దించాలో నాకే తెలియదు.

బండి 2016 మోడల్ మహీంద్రా థార్ సీఆర్‌డీఈ, 2.5 లీటర్ డీజిల్. 2017 చివర్లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, అప్పటికి 19 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇప్పుడు లక్షా 8 వేలు దాటింది. ఇల్లు ఖమ్మంలో, పొలం మధిర వైపు, అంతా నల్లరేగడి. వారానికి రెండు మూడుసార్లు ఆ దారి తప్పదు. ఏడాదికి నాలుగైదుసార్లు భద్రాచలం, చింతూరు మీదుగా మారేడుమిల్లి వెళ్తాం. ఎప్పుడైనా సెలవు దొరికితే గుట్టలెక్కే బ్యాచ్‌తో ఒక రోజు. పోటీలకు తిప్పే బండి కాదు ఇది. ఎక్కువగా ఎరువుల బస్తాలు మోసింది.

2015లో థార్‌ని మార్చినప్పుడు వెనక ఇరుసులో ఈటన్ వాళ్ళ మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఇచ్చారు. బండ్లోళ్ళంతా ఎమ్మెల్డీ అంటారు. దానికి స్విచ్ ఉండదు, లివర్ ఉండదు, పడిందని చెప్పే లైటూ ఉండదు. దానంతటదే పడుతుంది, దానంతటదే వదిలేస్తుంది. ఇది కొత్త వింతేం కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ పికప్ ట్రక్కుల్లో 1973 నుంచి ఈ రకం లాకర్ ఉంది. అక్కడ దాన్ని జీ80 అనే ఆప్షన్ నంబరుతోనే పిలుస్తారు.

లాకర్ ఎందుకో తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. మామూలు డిఫరెన్షియల్ మలుపులో లోపలి చక్రాన్ని నిదానంగా, బయటి చక్రాన్ని వేగంగా తిరగనిస్తుంది. తారు రోడ్డు మీద ఆ గుణమే కావాలి. చేలో మాత్రం ఆ గుణంతోనే చిక్కు. ఒక చక్రం బోదెలో వేలాడితే అది ఊరికే గిరగిరా తిరుగుతుంది, నేల మీదున్న రెండోది కదలనే కదలదు. లాకర్ పడితే రెండూ ఒకే కడ్డీకి బిగించినట్టు కలిసి తిరుగుతాయి.

ఎమ్మెల్డీ పడాలంటే రెండు వెనక చక్రాల మధ్య తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు ఉండాలి. పాత రైసుమిల్లు ఇంజిన్ల మీద గవర్నర్ గుండ్లు తిరగడం చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఇరుసుని తిప్పే పెద్ద పళ్ళచక్రం, అదే క్రౌన్, దాని పక్కనే లోపల అలాంటిదే ఒక చిన్న గవర్నర్ ఉంటుంది. చక్రాల తేడా పెరిగేకొద్దీ దాని గుండ్లు విచ్చుకుని ఒక కొక్కేనికి తగులుకుంటాయి. గవర్నర్ ఠక్కున ఆగిపోతుంది. అది ఆగగానే ఒక క్యామ్ ప్లేటు వాలు మీదికెక్కి క్లచ్ ప్లేట్లని నొక్కి పట్టేస్తుంది. బండి గంటకి 30 కిలోమీటర్లు దాటాక ఆ కొక్కెం తనే పక్కకి జరిగిపోతుంది కాబట్టి హైవే మీద పొరపాటున పడుతుందన్న భయం లేదు.

ఇదంతా బండి కొన్న రోజే చదివాను. చదివి కూడా లెక్క వెయ్యలేదు, అక్కడే దెబ్బతిన్నాను.

నా టైరు 235/70 ఆర్16. ఒక చుట్టుకి 2.3 మీటర్లు పోతుంది. నిమిషానికి 100 చుట్లంటే గంటకి దాదాపు 14 కిలోమీటర్ల వేగం. అంటే బండి నిలబడే ఉన్నా, ఇరుక్కున్న చక్రం ఆ వేగంతో తిరగాలి. ఫోర్-లో, అంటే నాలుగు చక్రాలూ నిదానంగా, బలంగా లాగే రేంజి. అందులో ఫస్ట్ గేరులో ఇంజిన్ దాదాపు 40 చుట్లు తిరిగితే ఇరుసు ఒక్క చుట్టు తిరుగుతుంది. ఒక చక్రం ఆగి ఉంటే రెండోది దానికి రెట్టింపు. కాలు పెట్టకుండా ఐడిల్‌లో వదిలేస్తే ఆ చక్రానికి వచ్చేది నిమిషానికి 40 చుట్లే. 100 రావాలంటే ఇంజిన్ 2000 ఆర్పీఎం దగ్గరికి పోవాలి. నేనేమో ‘ఫోర్-లోలో వేసి కాలు తీసెయ్, బండే పాకుతుంది’ అని నేర్చుకున్నవాణ్ణి. అంత సుతారంగా నడిపితే గవర్నర్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

2018 వానాకాలంలో పత్తి చేను గట్టు దిగుతుండగా ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం రెండూ ఒకేసారి తేలిపోయాయి. ఫోర్-లో వేశాను. మెల్లగా ఇస్తే ఆ రెండే తిరుగుతాయి, బండి మాత్రం ఉన్నచోటే. పావుగంట అదే పని. మా బావమరిది వెనక నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. చివరికి పక్క చేలో దున్నుతున్న ట్రాక్టర్ కుర్రాణ్ణి పిలిచాం. అతను చైను భుజాన వేసుకుని వచ్చి, నేను చేసేది కాసేపు చూశాడు. “తొక్కన్నా, నిమురుతవేంది దాన్ని” అన్నాడు.

రోషానికి తొక్కాను. చక్రం జర్రున తిరిగింది, బురదంతా బావమరిది చొక్కా మీద పడింది. సెకను గడిచిందో లేదో సీటు కింద ఎవరో సుత్తితో కొట్టినట్టు ‘టక్’. ఆ వెంటనే బండి వెనకభాగం ఒక్కసారి కూర్చున్నట్టయి, గట్టు మీదికి ఎగబాకింది. కుర్రాడు చైను భుజం మీంచి దించకుండానే వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ వీడియో ఇప్పటికీ ప్రతి పెళ్ళిలో ఎవరో ఒకరు చూపిస్తూనే ఉంటారు.

అప్పట్నుంచి నా పద్ధతి ఇది. చక్రం తేలుతుందని తెలిసినచోట లోలో ఫస్ట్ కాకుండా సెకండ్ వేస్తాను. తక్కువ ఆర్పీఎంకే లాక్ పడుతుంది, పడినప్పుడు కుదుపూ తక్కువ. కాలు ఒకే తీరుగా పట్టి ఉంచాలి, పంపు కొట్టినట్టు తొక్కి వదలకూడదు. టక్ మన్నాక భయపడి కాలు తీస్తే లాక్ వదిలేస్తుంది, మళ్ళీ మొదటికొస్తాం. కొత్తవాళ్ళు అందరూ చేసే తప్పు ఇదే, ఆ చప్పుడికి ఏదో విరిగిందనుకుంటారు. మా ఆవిడ కూడా మొదట్లో అలాగే అరిచేది. ఇప్పుడు చప్పుడు రాకపోతే “ఇంకా పడలేదేంటి” అంటుంది.

బాగా పనిచేసేది ఎక్కడంటే బోదెలు, గట్లు, కంకర తేలిన ఏటవాలు దారులు, తడిగడ్డి. ఒక వెనక చక్రానికి పట్టున్నంత కాలం ఈ బండి ఆగదు. పట్టు రెండింటికీ లేకపోతే ఏ లాకరూ ఏమీ చెయ్యలేదు. రేగడిలో ఇరుసు దాకా దిగబడితే రెండు చక్రాలూ కలిసి ఇంకా లోతుకి తవ్వుతాయి, అంతే. గోదావరి ఇసుకలోనూ లాకర్ పాత్ర పెద్దగా ఏం లేదు. అక్కడ నన్ను బయటపడేసింది టైర్లలో గాలి 18 పీఎస్ఐ దాకా దించడమే. లాకర్ ఉందన్న ధీమాతో గాలి తియ్యకుండా దిగినవాళ్ళని తాడేసి లాగిన రోజులున్నాయి, వాళ్ళలో ఒకసారి నేనూ ఉన్నాను. ఇంకో సంగతి, ముందు ఇరుసు మామూలుదే. 2020లో వచ్చిన కొత్త థార్‌లో తిరిగే చక్రానికి బ్రేకు వేసి సర్దే ఏర్పాటుంది, మా పాతదాంట్లో అదీ లేదు.

రాళ్ళ మీద మాత్రం ఇది నాకు నచ్చదు. చక్రం ముందు జారాలి, ఆ తర్వాతే లాకర్ పడాలి. ఒక అడుగు అటో ఇటో అయితే ఇంజిన్ కింద ఆయిల్ ఉండే సంప్ రాయికి తగిలేచోట చక్రాన్ని కావాలని తిప్పి, అది ఎప్పుడు పట్టుకుంటుందా అని కాచుకోవడం టెన్షన్ పని. పట్టుకున్నప్పుడు బండి అరడుగు ముందుకి దూకుతుంది. డెన్వర్‌లో మా పిన్ని కొడుకుకి టయోటా టకోమా ఉంది, దాని లాకర్ బటన్ నొక్కితే పడేది. వాడు రాయి ఎక్కకముందే నొక్కి, నింపాదిగా పాకిస్తాడు. ఆ వీడియోలు చూస్తే నాకు అసూయే. జీ80కి అక్కడి పికప్‌వాళ్ళు ‘గవ్-బాంబ్’ అని ముద్దుపేరు పెట్టారని కూడా వాడే చెప్పాడు. అసలు పేరు గవ్-లాక్. పెద్ద టైర్లు వేసి, ఒక చక్రం తెగ తిరుగుతుండగా లాక్ పడితే ఆ దెబ్బకి లోపలి భాగాలు ముక్కలయ్యేవట. నేను టైరు సైజు మార్చకపోవడానికి ఇదొక కారణం. డబ్బు రెండో కారణం.

మా బ్యాచ్‌లో ఒకాయన పాత జీపుకి ఇంకో రకం ఆటో లాకర్ వేయించాడు. అది ఎప్పుడూ లాక్ అయ్యే ఉంటుంది, మలుపులో మాత్రం బయటి చక్రాన్ని పళ్ళు జార్చి వదులుతుంది. పెట్రోల్ బంకులో తిరిగేటప్పుడు టిక్ టిక్ మని చెవులు హోరెత్తుతాయి. గుట్టల మీద నాకన్నా ముందుంటాడు, ఊళ్ళో మాత్రం ఆయన జీపు ఎవరూ అడగరు. ఎమ్మెల్డీ రోడ్డు మీద ఉన్నట్టే తెలియదు. రోజూ నడిపేవాడికి అది చిన్న విషయం కాదు.

ఒక్క చోట తప్ప. రోడ్డు మీద వాడే హై రేంజిలో గేరింగ్ లో రేంజికన్నా దాదాపు రెండున్నర రెట్లు వేగం. లో రేంజిలో మొరాయించే లాకరు టూ-హైలో, అంటే వెనక చక్రాలే లాగే హై రేంజిలో, ఫస్ట్ గేరు వేసి ఐడిల్ కన్నా కాస్త ఎక్కువ తొక్కితేనే పడిపోతుంది. మారేడుమిల్లి ఘాట్‌లో వాన కురుస్తుండగా ఒక హెయిర్‌పిన్ ఎక్కుతున్నాను. లోపలి చక్రం పాకుడు మీద జారింది, నేను అలవాటుగా తొక్కాను, మలుపు మధ్యలో టక్ మంది. వెనక రెండు చక్రాలూ ఒకటై ముక్కుని తిన్నగా లోయ వైపు తోశాయి. కాలు తీశాను, వదిలేసింది, స్టీరింగ్ మాట విన్నది. మొత్తం రెండు సెకన్లు ఉంటుందేమో. మా అమ్మ వెనక సీట్లో నిద్రపోతోంది కాబట్టి సరిపోయింది. ఇప్పుడు తడి ఘాట్‌లో మలుపు తిరిగేదాకా తొక్కను.

సర్వీసు సంగతి. ఒక వర్క్‌షాపులో “లాకింగ్ ఉన్న బండి కదా సార్” అని గేరు ఆయిల్‌తో పాటు లిమిటెడ్ స్లిప్ అడిటివ్ ఒక సీసా పోశారు. నేనూ మంచిదే అనుకున్నాను. ఆ తర్వాత లాక్ బద్ధకంగా పడేది, మునుపటికన్నా ఎక్కువసేపు తిప్పాల్సి వచ్చేది. ఈ రకం డిఫరెన్షియల్‌కి ఆ అడిటివ్ వెయ్యకూడదు, పట్టుకోవాల్సిన క్లచ్ ప్లేట్లకి జారుడు పెడుతుంది. ఆయిల్ మొత్తం దించి, మాన్యువల్‌లో ఉన్న గ్రేడు మాత్రమే పోయించాక సర్దుకుంది. అప్పట్నుంచి నీళ్ళలో దిగిన సీజను అయిపోగానే ఆయిల్ చూపిస్తాను. పాలు కలిపిన టీలా వస్తే నీళ్ళు దిగినట్టే, అడగాల్సిన పని లేదు.

ఇంకొకటి, ఇది ప్రాణాల మీదికి వచ్చేది. ఇంకో చోట వెనక ఒక్క చక్రమే జాకీ మీద లేపి, చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో చూద్దామని ఇంజిన్ ఆన్ చేసి గేరు వెయ్యబోయాడు ఒక కుర్రాడు. మామూలు బండి అయితే లేచిన చక్రం ఊరికే తిరుగుతుంది. దీనికి లాక్ పడితే నేల మీదున్న చక్రం లాగుతుంది, బండి జాకీ మీంచి దూకి గోడలోకి పోతుంది. అరిచి ఆపాను. మీ బండిలో ఎమ్మెల్డీ ఉంటే టైరు షాపులో ఈ ముక్క ముందే చెప్పండి.

ఇన్నేళ్ళలో లాకర్ కోసం ఆయిల్ తప్ప పైసా ఖర్చు పెట్టలేదు. మళ్ళీ కొనాల్సి వస్తే? గుట్టలకే అయితే బటన్ ఉన్నది కొంటాను. పొలానికి, ఊరికి, ఘాట్‌కి అన్నిటికీ ఒకే బండి కావాలంటే ఇదే.

పాత థార్ సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నవాళ్ళు లాకర్ పరీక్ష చెయ్యకుండా డబ్బు కట్టకండి. ఒక వెనక చక్రం గుంటలో తేలేలా బండి నిలపండి. పక్కన మనుషుల్ని దూరంగా పంపి, ముందు ఖాళీ జాగా చూసుకుని, టూ-హై ఫస్ట్‌లో కొద్దికొద్దిగా తొక్కండి. టక్ మని బయటికొస్తే మంచిదే. రాకపోతే అమ్మేవాణ్ణి అప్పుడే ఏమీ అనకండి, ఇంకొంచెం తొక్కి చూడండి. నాకు బండి అమ్మినాయనకి ఫోన్ చేసి ఈ సంగతి చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. పాత ఫోన్‌తో పాటే ఆయన నంబరూ పోయింది.