ఎలుకల సరుకు: ఏది కొనాలి, ఏది షాపులోనే వదిలేయాలి

వరంగల్, హన్మకొండ హార్డ్‌వేర్ షాపుల్లో, ఎనుమాముల మార్కెట్ దారిలోని పురుగుమందుల దుకాణాల్లో ఎలుకల కోసమని అమ్మే సరుకు గట్టిగా లెక్కపెడితే ఏడెనిమిది రకాలే. కొనేవాళ్లు అడిగేది ఒక్కటే: ఎలుకలు చస్తాయా? ఈ సమీక్షలో ఇంకో ప్రశ్న కూడా వేశాం: ఎలుకతోపాటు ఇంకేం చస్తుంది? పొలం ఒడ్డు మీద తిరిగే జెర్రిపోతు, ముంగిస, రాత్రిళ్లు తాటిచెట్టు మీద వాలే తెల్ల గుడ్లగూబ పైసా అడగకుండా ఎలుకలు పట్టేవి. సరుకు తప్పుగా ఎంచుకుంటే ముందు పోయేవి అవే. ఎలుకల సంఖ్య కొద్ది నెలల్లో మళ్లీ నిండుతుంది, గుడ్లగూబ అంత తొందరగా తిరిగి రాదు. పైగా ఈ మూడింటికీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

షాపుకు పోయే ముందు ఇంట్లో ఉన్నదేమిటో తేల్చుకోవాలి. బియ్యపు గింజంత పెంటికలు కనబడితే చిట్టెలుక. అర అంగుళం ఉంటే ఇంటి ఎలుక. ఇది దూలాలు, కేబుల్ వైర్లు పట్టుకొని పైనుంచి దిగుతుంది. ముప్పావు అంగుళం పెంటికలు, గోడ పక్కన తవ్విపోసిన మట్టి ఉంటే పందికొక్కు. పొడుగు మూతితో, కంపు కొడుతూ, కిచకిచమంటూ గోడ వెంట పరుగెత్తేది చుంచు. అది ఎలుక జాతే కాదు, బొద్దింకల్ని, పురుగుల్ని తిని బతుకుతుంది. దాని కోసం ఏదీ కొనక్కర్లేదు, దర్వాజ కింది సందు మూస్తే చాలు.

మొదట కొనాల్సింది పట్టే వస్తువు కాదు, ఇనుప జాలి. పావు అంగుళం (6 మి.మీ.) కన్ను ఉన్న గాల్వనైజ్డ్ వెల్డ్ జాలి అడగండి. పెన్సిల్ దూరే సందు ఉంటే చిట్టెలుక పిల్ల దూరుతుంది, అందుకే పావు అంగుళం. షాపువాళ్లు ‘ఇదీ అదే’ అని చేతిలో పెట్టే ప్లాస్టిక్ దోమల జాలి ఒక్క రాత్రిలో కొరికేస్తాయి. కోళ్ల జాలి కన్ను మరీ పెద్దది. వెంటిలేటర్లకు, మోరీ బయటికి పోయే గొట్టానికి, ఏసీ పైపు గోడలోకి దిగిన చోట, రేకుల ఇంట్లో రేకు మడతల చివర్లకు ఈ జాలి కొట్టించాలి. చెక్క దర్వాజల అడుగు భాగానికి అడుగు ఎత్తున జీఐ రేకు, దాని కింద 6 మి.మీ. కన్నా తక్కువ సందు. గోడ బొక్కల్లో గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి, ఆపైన ఒకటికి మూడు పాళ్ల సిమెంటు-ఇసుక మాలు కొట్టాలి. సిమెంటు ఒక్కటే పెడితే అది గట్టిపడేలోపే రాత్రి గీకి తోడేస్తాయి. డబ్బాలో వచ్చే ఫోమ్ స్ప్రేకి డబ్బులు తగలేయొద్దు, ఎలుక పళ్లకు అది అడ్డే కాదు.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు వరస. లోపల ఎలుకలుండగానే బొక్కలన్నీ మూసేస్తే గోడలో చచ్చి వారం రోజులు వాసన కొడతాయి. ముందు పట్టాలి, తర్వాత మూయాలి. వెంటిలేటర్‌లో పిచ్చుకో, గోరింకో గూడు పెట్టి ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ ఒక్కటీ ఆపాలి.

పట్టడానికి కొట్టే బోను, అంటే చెక్క మీద స్ప్రింగు ఉండే పాతకాలపుది, ఇప్పటికీ అన్నిటికన్నా మంచి కొనుగోలు. విషం లేదు, చావు క్షణాల్లో, శవం చేతికి దొరుకుతుంది. చిట్టెలుకకూ ఎలుకకూ సైజులు వేరు. చిన్న బోనులో పెద్ద ఎలుక పడితే కాలు విరిగి పారిపోతుంది, ఆ ఎలుక మళ్లీ ఏ బోను దగ్గరికీ రాదు. కొనేటప్పుడు మూడు చూడాలి. కొట్టే కమ్మీ చెక్క మీద సమంగా ఆనాలి. ఎర పెట్టే నాలుక తుప్పు లేకుండా వేలితో తాకగానే కదలాలి. స్ప్రింగు రెండు వైపులా ఉండాలి, ఒకవైపే ఉన్నవి నెల తిరక్కుండా వదులవుతాయి.

పెట్టే పద్ధతి మీదే ఫలితమంతా. ఎలుక గోడను మీసాలతో తాకుతూ నడుస్తుంది కాబట్టి బోను గోడకు అడ్డంగా, ఎర వైపు గోడను తాకేలా ఉండాలి. ఎర శనగగింజంత మించొద్దు: దంచిన పల్లి ముద్ద, లేదా కుడుక ముక్క దారంతో నాలుకకు కట్టి. ఎర ఎక్కువైతే పక్కనుంచి నాకి పోతుంది. ఎండుచేప బాగా పనిచేస్తుంది కానీ పిల్లుల్ని, చుంచుల్ని లాక్కొస్తుంది. చిట్టెలుకలకు రెండు మూడు మీటర్లకొకటి, ఎలుకలకు ఐదు నుంచి పది మీటర్లకొకటి. ఇంటి ఎలుకకు, పందికొక్కుకు కొత్త వస్తువంటే అనుమానం. అందుకే మొదటి రెండు మూడు రాత్రులు బోను ఎక్కించకుండా ఎర మాత్రం పెట్టాలి. అది తినడం మొదలయ్యాక ఒకేసారి అన్నీ ఎక్కించాలి. చిట్టెలుకకు ఈ ఓపిక అక్కర్లేదు, కొత్తదేదైనా అదే వచ్చి వాసన చూస్తుంది.

కొట్టే బోనుకున్న లోపం, అది ఎవర్నీ గుర్తుపట్టదు. ఉడుత, గోరింక, పిల్లి పంజా, పసిపిల్లల వేలు, అన్నీ దానికొకటే. దీనికి మందు ప్లైవుడ్ పెట్టె. 45 సెం.మీ. పొడవు, 20 వెడల్పు, 15 ఎత్తు, మూతకు బందు, గొళ్లెం. గోడ వైపు అంచుకు రెండు చివర్లా 5 సెం.మీ. రంధ్రం. పందికొక్కు అయితే 7.5. మధ్యలో బోనును తీగతో పెట్టెకు కట్టేయాలి, లేకపోతే దెబ్బతిన్న ఎలుక దాన్ని ఈడ్చుకుపోతుంది. వడ్రంగి గంటలో చేసిస్తాడు. పెట్టె ఉన్నా ఉడుత దూరుతుంది, దానికి ఇంకా తేలిక ఉపాయం ఉంది: ఉడుత పగటి జీవి, ఎలుక రాత్రి జీవి. పొద్దుగూకాక ఎక్కించి, తెల్లవారగానే దించేస్తే ఉడుతలు, పిట్టలు బతికిపోతాయి. చచ్చిన ఎలుకను చేతికి కవరు తొడుక్కొని తీయాలి. పెంటికల్ని పొడిగా ఊడ్వకూడదు. ముందు బ్లీచింగ్ నీళ్లు చల్లి, తడిపి, తర్వాత తుడవాలి. ఎలుక మూత్రంలో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం తెచ్చే సూక్ష్మజీవి ఉండొచ్చు.

తీగ బోను, ప్రాణంతో పట్టేది, రెండో స్థానంలో. మంచి గుణం ఒక్కటే కానీ చాలా పెద్దది: పొరపాటున పడ్డ ఉడుతను, చుంచును, ముంగిస పిల్లను తలుపు తీసి వదిలేయొచ్చు. మార్కెట్లో సగం బోన్లకు అంగుళం కన్ను జాలి వేస్తున్నారు, చిట్టెలుక ఎర తిని అందులోంచే బయటికి నడుస్తుంది. ఎలుకకైతే అర అంగుళానికి, చిట్టెలుకకైతే పావు అంగుళానికి మించకుండా చూసుకోవాలి. తలుపు పడ్డాక లాక్ కొక్కెం దిగుతోందా లేదా షాపులోనే రెండుసార్లు పరీక్షించండి. తెల్లవారగానే చూడకపోతే ఎండకు లోపలే చస్తుంది. అసలు చిక్కు పట్టాక మొదలవుతుంది. ‘పాఖాల అడవిలో వదిలేస్తే పుణ్యం’ అనుకోవడం తప్పు. ఇంటి ఎలుకకు అక్కడ చోటు లేదు, ఇంటి రోగాలు మాత్రం అడవిలోకి పోతాయి. పక్క వీధిలో వదిలితే మళ్లీ వస్తుంది. నీళ్లలో ముంచడం క్రూరం. చంపాలని ముందే అనుకున్నవాళ్లు కొట్టే బోనే కొనడం నయం.

జిగురు అట్ట: వద్దు. సమీక్షలో దీనికి సున్నా. బల్లులు, చుంచులు, పాము పిల్లలు, ఎలుక కోసం వచ్చిన జెర్రిపోతు, వరండాలో పెడితే పిచ్చుకలు, అన్నీ అంటుకుంటాయి. అంటుకున్న ఎలుక కూడా గంటల తరబడి చావదు. భారత జంతు సంక్షేమ మండలి వీటి వాడకం ఆపాలని రాష్ట్రాలకు సూచనలు పంపింది. ఎవరింట్లోనైనా పామో, పిట్టో దీనికి అంటుకుంటే లాగొద్దు: పల్లి నూనె కొద్దికొద్దిగా అంచుల్లో పోస్తూ వేలితో రుద్దాలి, వదులయ్యాక నూనెను మెత్తని గుడ్డతో అద్దేయాలి. విషపు పామయితే చేయి పెట్టకుండా అటవీశాఖకు ఫోన్ చేయాలి.

ప్లగ్గులో పెట్టే అల్ట్రాసోనిక్ యంత్రం గురించి రెండు ముక్కలు చాలు. ఆ శబ్దం గోడను, బీరువాను దాటదు. ఎదురుగా ఉన్న ఎలుక కూడా కొన్నాళ్లకు అలవాటుపడి దాని పక్కనుంచే పోతుంది.

ఇక మందులు. దుకాణంలో ‘ఎలుకల మందు’ అంటే చేతికిచ్చేవి ప్రధానంగా రెండు, రెండూ చేసే హాని ఒకటి కాదు. జింక్ ఫాస్ఫైడ్ నల్లటి పొడి, కడుపులో ఆమ్లం తగలగానే ఫాస్ఫీన్ వాయువు అవుతుంది, గంటల్లో చావు. విరుగుడు లేదు. చచ్చిన ఎలుకను తిన్న గుడ్లగూబకు ప్రమాదం తక్కువే, కానీ ఎర నూకల్ని నేరుగా తిన్న నెమలి, కౌజు, పావురం, కోడి అక్కడికక్కడే పోతాయి. బ్రోమాడియోలోన్ 0.005 శాతం కేకు దీనికి తలకిందులు. ఇది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది, ఎలుక నాలుగు రోజుల నుంచి వారం, పది రోజులదాకా చావదు. ఆ రోజుల్లో మందకొడిగా, పగలు కూడా బయట తిరుగుతుంది, అంటే ముంగిసకు, గుడ్లగూబకు, పెంపుడు పిల్లికి తేలిగ్గా దొరుకుతుంది. మందు కాలేయంలో నెలల తరబడి నిలుస్తుంది కాబట్టి అలాంటి ఎలుకల్ని వరసగా తిన్న జీవికి అది పేరుకుంటుంది. విటమిన్ కె1 విరుగుడు ఉంది, కుక్క పొరపాటున తింటే వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలి. చికిత్స వారాలపాటు సాగుతుంది, మధ్యలో ఆపకూడదు.

బోన్లతో అదుపు కాని గోదాములో మాత్రమే కేకు వాడాలి, అదీ తాళం ఉండే ఎర పెట్టెలోనే. కేకు లోపలి ఇనుప కడ్డీకి గుచ్చే రకం పెట్టె కొనండి. ఊరికే లోపల పడేస్తే ఎలుక నోట కరుచుకొని బయట వదిలేస్తుంది. చోటుకు 15 నుంచి 25 గ్రాములు, మూడు నాలుగు రోజులకోసారి చూసి తిన్నంత మళ్లీ పెట్టడం, తినడం ఆగగానే మిగిలినదంతా తీసేయడం. ‘ఉండనీ, ఏమవుతుంది’ అని ఏడాదంతా పెట్టి ఉంచడం వల్లే గుడ్లగూబలకు నష్టం. రోజూ ఉదయం గోదాము చుట్టూ తిరిగి శవాలు ఏరి అడుగున్నర లోతులో పూడ్చాలి. వడ్లు, మక్కల బస్తాలు గోడకు రెండు మూడు అడుగులు ఎడంగా, చెక్క దిమ్మెల మీద ఉంటే ఈ పని సగం తగ్గుతుంది.

పొలంలో జింక్ ఫాస్ఫైడ్ వాడేవాళ్లు ఒడ్డు మీద చల్లుతున్నారు. నెమళ్లు చచ్చేది ఇలాగే. సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూయాలి. తెల్లారి తెరుచుకున్నవే ఎలుకలున్నవి. వాటిలోనే రెండు రోజులు మందు లేని నూకలు, నూనె కలిపి అలవాటు చేసి, మూడోనాడు మందు ఎర పది గ్రాముల చొప్పున కాగితంలో చుట్టి లోపలికి తోసి, మళ్లీ మట్టితో మూసేయాలి. సీజనుకు ఒక్కసారే. సగం తిని బతికిన ఎలుక ఆ రుచిని గుర్తుపెట్టుకొని మళ్లీ ముట్టదు. నాటిన ఆరు వారాల్లోపు, ఊరంతా ఒకే వారంలో చేస్తేనే ఫలితం. ఒక్కరే చేస్తే పక్క పొలం ఎలుకలు వస్తాయి.

ట్యూబులో వచ్చే పసుపు భాస్వరం పేస్టు ఎవరిచ్చినా తీసుకోవద్దు. విరుగుడు లేదు, మనిషి కాలేయాన్నే తినేస్తుంది. ఫోరేట్ అనే పురుగుమందు గుళికలు అన్నంలో కలపడం ఇంకా ఆగలేదు. వాటి వాడకం 2020 డిసెంబర్ 31 నుంచి నిషిద్ధం. ఒడ్ల మీద కరెంటు తీగ లాగడం నేరం, మనుషులే చస్తున్నారు.

పొలానికి అసలైన ఖర్చు లేని సరుకు వెదురు కర్రలు. ఒడ్లు సన్నగా, అడుగు వెడల్పుకు మించకుండా చెక్కితే పందికొక్కుకు బొరియ తవ్వే చోటుండదు. ఎకరానికి ఎనిమిది పది టి ఆకారపు కర్రలు, పంట కన్నా రెండు మూడు అడుగులు ఎత్తుగా పాతితే రాత్రి గుడ్లగూబలు వాటి మీద కూర్చొని వేటాడతాయి. అడ్డకర్ర పిట్ట కాళ్లకు పట్టు దొరికేంత సన్నగా, గరుకుగా ఉండాలి, నున్నటి పీవీసీ పైపు పనికిరాదు. కంకి పాలు పోసుకునే దశకు వచ్చాక కర్రలు తీసేయాలి, లేదంటే అవే గింజలు తినే పిట్టలకు ఆసనాలవుతాయి.